గోదావరి తీరమున రెండు దుఃఖకథలు



ధర్మపురి నరసింహస్వామివారి యాలయ ప్రాంగణమున యమధర్మరాజునకు కూడ నొక గుడి కలదు. ధర్మపురికి పోయినవారికి యమపురి లేదని మన పెద్దలు చెప్పుదురు. పోయినవారి సంగతి యటులుండనిండు. ఉన్నవారి మాట యేమి? ఇంటిలో నొక దీపమారిన పిమ్మట మిగిలినవారు ఒకరి మొగమొకరు ఎట్లు చూచుకొందురు? నవల యనునది ఈ ప్రశ్నకొరకే పుట్టినదేమో యని నాకు పలుమారు తోచును.

ఈ స్వామి కథయు నొక యింటి కథయే. తండ్రి కొడుకును చంపింప జూచెను. ఆ తండ్రి హతుడైన పిదప, వరము వేడుమన్న స్వామిని ప్రహ్లాదుడు తన తండ్రి పాపము తొలగింపుమని కోరెను. ఏనుగుల కాళ్ళ క్రింద పడవేయబడినవాడు తానే గనుక ఆ క్షమకు విలువ కలిగినది. ప్రక్కన నిలిచి చూచినవారు క్షమించినచో దాని విలువ యెంత?

నేను చెప్పదలచినది రెండు నవలల ముచ్చట. ఆ రెంటికిని ఈ సీమవారే వారధియైరి. పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1921లో జన్మించి, నాటి కరీంనగరము జిల్లాలోని వంగరలో పెరిగి, పూనాలోను నాగపురములోను చదివిరి. ధర్మపురికి దిగువన గోదావరి ప్రాంతముననే యున్న మంథనినుండి 1957లో శాసనసభకు ఎన్నికైరి. 1991 మొదలు 1996 వరకు ఆయన ప్రధానమంత్రిగా నుండుట యెల్లరెరిగినదే. ఆయన నవలల ననువదించినవాడని యెరిగినవారు అంతమంది లేరు.

గోదావరి మనకు మరాఠీ దేశమునుండియే వచ్చుచున్నది. 1956 వరకు మరాఠ్వాడా, తెలంగాణము ఒకే హైదరాబాదు రాజ్యమున నుండెను. కావున మరాఠీ పుస్తకము మనకు పరాయిది కాదు. హరి నారాయణ ఆప్టే వ్రాసిన ‘పణ్ లక్షాత్ కోణ్ ఘేతో’ 1890 ప్రాంతమున వెలువడినది. దానినే నరసింహారావుగారు ‘అబల జీవితము’ అను పేర తెలిగించిరి. అందు యమున యను బ్రాహ్మణ బాలిక తన కథను తానే చెప్పుకొనును. చిన్ననాడే పెండ్లి యగును. భర్త రఘునాథుడు సౌమ్యుడు. ఆమెకు చదువు చెప్పించును. ఇరువురును బొంబాయిలో కొంతకాలము సుఖముగా నుందురు. అంతలో భర్త మరణించును. తరువాత పెద్దలు ఆమెకు బలవంతముగా శిరోముండనము చేయింతురు. ఆ ఘట్టమును చదివి పుస్తకము మూసి కొంతసేపు ఊరకుండనివారు అరుదు. వితంతు వివాహమునకు చట్టము 1856లోనే వచ్చినది. ఇదే గోదావరి యొడ్డున రాజమహేంద్రవరములో 1881లో వీరేశలింగముగారు వితంతు వివాహము జరిపించిరి. కాని చట్టము యమున గడప దాటి లోపలికి రాలేదు.

రెండవది విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’తో పంచుకొన్న గ్రంథమది. దీనిని నరసింహారావుగారు ‘సహస్రఫణ్’ అను పేర హిందీ చేయగా 1968లో అచ్చైనది. ఇందును వియోగమే. ధర్మారావు భార్య అరుంధతి మరణించును. విశ్వనాథవారికిని తొలి భార్య వరలక్ష్మమ్మ చనిపోయిన దుఃఖము స్వానుభవము. ‘వరలక్ష్మీ త్రిశతి’ అందుండి పుట్టినది. అందుచేత ఆ పుటలలో కన్నీరు కల్పితము కాదు.

ఇప్పుడు రెంటిని పక్కపక్కన నుంచి చూడుడు. భార్య పోయిన ధర్మారావు ఇంటికి మరల నొక యరుంధతి వచ్చును. పేరు సయితము అదియే. భర్త పోయిన యమున తలమీదికి మంగలికత్తి వచ్చును. ఒకే చేయి రెంటిని అనువదించినది. సనాతన ధర్మముపై విశ్వనాథవారి యభిమానమును హిందీవారికి అందించిన వాడే, ఆ ధర్మము పేర జరిగిన క్రౌర్యమును తెలుగువారికి చూపెను. ఇందులో వైరుధ్యమున్నదని కొందరందురు. నాకట్లు తోచదు. ఇంటిని ప్రేమించువాడు ఆ యింటి చీకటిగదిని కూడ తెరచి చూపవలదా?

క్షమ సంగతి మిగిలినది. ధర్మారావు క్షమింపవలసినది విధిని మాత్రమే. అరుంధతి మరణమునకు ఇంటిలోనివారెవరును దోషులు కారు. యమున విషయమున దోషులు నట్టింటనే కూర్చుండి భోజనము చేయుచున్నారు. వారు ఆమెను క్షమింపుమని యడిగినవారు కారు. తప్పు చేసితిమని తోచనివారిని ప్రహ్లాదుడు క్షమించెను, నిజమే. కాని అతని పక్షమున స్వామి స్తంభము చీల్చుకొని వచ్చియుండెను. యమునకై ఏ స్తంభమును పగులలేదు. అట్టి యామెను క్షమింపుమనుట మరియొక ముండనము కాదా?

అనువాదమును గూర్చి ఒక్క మాట. మూలము పేరు ఒక ప్రశ్న: ‘కాని, లక్ష్యపెట్టువారెవరు?’ అని. తెలుగు పేరు ‘అబల జీవితము’ అనుటతో ఆ ప్రశ్న జారిపోయి జాలి మిగిలినది. ఆ ప్రశ్నను అట్లే యుంచియుండిన బాగుండెడిదని నా యభిప్రాయము. ఏలయన యమున అడిగినది జాలి కాదు.