తళ్ళికోట విజయం: చిత్రాల సాక్ష్యం

1565 జనవరి 23న కృష్ణాతీర ప్రాంతంలో జరిగిన తళ్ళికోట యుద్ధాన్ని ఆ కాలపు చిత్రకారులే చిత్రించారు. ఆఫ్తాబీ అనే కవి పారసీలో రచించిన 'తారీఫె హుసేన్‌షాహీ' ప్రతిలో అళియ రామరాయల శిరచ్ఛేద దృశ్యం ఉంది. ఆ ప్రతి పూనాలోని భారత ఇతిహాస సంశోధక మండలంలో భద్రపరచబడి ఉంది.

బీజాపూరు, గోల్కొండ, బీదరు సైన్యాలు కూడా ఆ పోరులో పాల్గొన్నాయి. కాని పేరులోనే ఉన్నట్లు, ఈ గ్రంథం అహమద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాంషా ప్రశస్తి. పోషకుడే ఇందులో నాయకుడు.

గోల్కొండ కథ ఈ చట్రంలో ఇమడదు. ఇబ్రహీం కుతుబ్‌షా 1550లో గద్దెనెక్కక ముందు దాదాపు ఏడేళ్ళు ఈ రామరాయల ఆశ్రయంలోనే గడిపాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము' అంకితమందినదీ ఆయనే. రామరాయల సేనలోనూ ముస్లిం సేనానులుండేవారు. కనుక దీనిని రెండు మతాల పోరుగా మాత్రమే చూడడం చరిత్ర కాదు.

మరొక విశేషం గమనించదగినది. ఈ చిత్రాలలో హుసేన్ సరసన రాణి ఖుంజా హుమాయూన్ కూడా ఉండేది. భర్త మరణానంతరం బాలుడైన కుమారుని పేర రాజ్యమేలినది ఆమే. కొన్నేళ్ళకే ఆ కుమారుడే ఆమెను అధికారం నుండి తొలగించాడు. నేడు చాలా చిత్రాలలో ఆమె రూపం చెరిపివేయబడి ఉంది. విజయచిత్రంలో ఎవరు నిలిచారో చూసినంత శ్రద్ధగా, ఎవరు చెరిగిపోయారో కూడా చూడాలి.