సాక్చి షేర్లు

ఉక్కు కర్మాగారానికి పెట్టుబడి కోసం టాటాలు ముందు లండన్ గడప తొక్కారు. పని కాలేదు. 1907 ఆగస్టులో బొంబాయిలోనే షేర్లు అమ్మకానికి పెట్టారు. స్వదేశీ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. టాటా ఆఫీసు ముందు పొద్దుటి నుంచి రాత్రి దాకా జనం ఎగబడ్డారు; మూడు వారాల్లో సుమారు 8,000 మంది 2.32 కోట్ల రూపాయలు పోశారు.

1912లో సాక్చి గ్రామంలో కట్టిన ఆ కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మ తయారైంది. 1919లో ఆ ఊరి పేరు జంషెడ్‌పూర్ అయింది.

దేశభక్తితో కొన్నా షేరు షేరే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక చవక విదేశీ ఉక్కు ముంచెత్తింది. 1924లో జీతాలకే కటకట! కంపెనీ అధిపతి దొరాబ్జీ టాటా సొంత ఆస్తినీ, భార్య మెహర్‌బాయి 245 క్యారెట్ల జూబిలీ వజ్రాన్నీ ఇంపీరియల్ బ్యాంకులో కుదువపెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. ఆ ఏడే ప్రభుత్వం దిగుమతి ఉక్కుపై రక్షణ సుంకం వేసింది.