వెన్నునొప్పి నేర్పిన వ్యాయామం

గోడకు నడుమెత్తున బిగించిన చెక్క కమ్మీ. దాని మీద వేళ్లు ఆనించి, మడమలు దగ్గరికి చేర్చి, మునివేళ్లు ఎడంగా పెట్టి నిలబడాలి. మడమలు పైకెత్తి, మోకాళ్లు కాస్త వంచి, అక్కడే ఒక్క అంగుళం కిందికీ పైకీ కదలాలి. చూసేవాళ్లకు ఇందులో శ్రమేముందనిపిస్తుంది. కాసేపటికే తొడలు వణకడం మొదలుపెడతాయి. బ్యాలే నాట్యం ఆధారంగా రూపొందిన ఈ ‘బార్’ క్లాసుకు మొదటిసారి వెళ్లినవాళ్లను ముందుగా పలకరించేది ఆ వణుకే. ముంబై, బెంగళూరుల్లోనూ ఇప్పుడు ఈ క్లాసులున్నాయి. కానీ నాట్యశాలలోని ఆ కమ్మీని మామూలు ఆడవాళ్ల చేతికి అందించిన మనిషి పేరు చాలామందికి తెలియదు. తెలియాల్సిన పేరది: లొటె బెర్క్.

ఆమె 1913లో జర్మనీలోని కొలోన్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. నర్తకిగా ఎదిగి, తోటి నర్తకుడు ఎర్నెస్ట్ బెర్క్‌ను పెళ్లాడారు. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక యూదు కళాకారులకు వేదికలు మూసుకుపోయాయి. ఎర్నెస్ట్‌కు బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండటంతో ఆ కుటుంబం లండన్ చేరగలిగింది. పరాయి దేశం, చేతిలో ఉన్నది నాట్యం ఒక్కటే. ఆ నాట్యానికి ఆధారమైన వెన్నే దెబ్బతింది.

నర్తకులు రోజూ కమ్మీ పట్టుకుని చేసే సాధనకు, వెన్నుకు బలమిచ్చే చికిత్సా వ్యాయామాలను జోడించి ఆమె ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. తన వెన్నుకు పనికొచ్చింది ఇతరులకూ పనికొస్తుందన్న నమ్మకంతో 1959లో లండన్ మాంచెస్టర్ స్ట్రీట్‌లోని ఒక నేలమాళిగలో స్టూడియో తెరిచారు. నటి జోన్ కాలిన్స్, రచయిత్రి ఎడ్నా ఓబ్రయన్ లాంటివాళ్లు అక్కడికి వచ్చేవారు. ఆమె శిష్యురాలు, అమెరికన్ లిడియా బాక్ ఆ పద్ధతి హక్కులు కొనుక్కుని 1971లో న్యూయార్క్‌లో స్టూడియో పెట్టారు. అక్కడి నుంచి ఆ పద్ధతి శాఖలై విస్తరించింది. ‘ప్యూర్ బార్’ లాంటి గొలుసు సంస్థలు వచ్చాయి. పేర్లు మారాయి, వ్యాపారం పెరిగింది. మూలమైన ఆమె 2003లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

బ్యాలే చరిత్ర ఇంకా వెనకటిది. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1661లో పారిస్‌లో నాట్య అకాడమీ స్థాపించాడు. పాదాలు నిలిపే ఐదు భంగిమలకు శాస్త్రరూపం ఇచ్చిన ఘనత ఆయన నాట్యాచార్యుడు పియరీ బోషాంకు దక్కింది. బార్ క్లాసులో మొదటి రోజు నిలబడే తీరు ఆ ఐదింటిలో మొదటిదే. కూచిపూడి నేర్చుకున్న అమ్మాయిలకు ఇది మరీ కొత్తగా ఉండదు. అరమండిలో మోకాళ్లు పక్కలకు తెరిచి, వెన్ను నిటారుగా ఉంచి కూర్చునే సాధన వాళ్ల కాళ్లకు ముందే తెలుసు.

ఇక ఆ వణుకు సంగతి. కండరం బిగిసిన చోటే ఉండి, విశ్రాంతి లేకుండా చిన్నచిన్నగా కదులుతున్నప్పుడు అలసిపోయి వణుకుతుంది. అది బలహీనత కాదు, కండరం పనిచేస్తోందనడానికి గుర్తు. అయితే పదునైన నొప్పి వేరు. మోకాల్లోనో నడుములోనో అది తెలిస్తే వెంటనే ఆపాలి.

‘నర్తకిలాంటి పొడవైన కండరాలు’ అంటూ సాగే ప్రచారాన్ని మాత్రం నమ్మనక్కర్లేదు. వ్యాయామంతో ఎముకల పొడవు మారదు, కండరాలు అతుక్కున్న చోటూ మారదు. కాళ్లకు, పొట్టకు, వెన్నుకు బలం, నిలబడే తీరులో నిలకడ వస్తాయి. లొటె వెతుక్కున్నదీ అదే. దాన్ని అందం పేరుతో అమ్మడం ఆమె కష్టాన్ని చిన్నబుచ్చడమే.

మొదటిసారి వెళ్లేవాళ్లు జారని సాక్సులు వేసుకోండి. కమ్మీ మీద బరువు మోపకండి, ఊతగా మాత్రమే పట్టుకోండి. పాత దెబ్బలుంటే టీచర్‌కు ముందే చెప్పండి. వయసు మీరిందని మాత్రం వెనకాడకండి. లొటె బెర్క్ ఆ స్టూడియో తలుపు తెరిచేనాటికి ఆమెకు 46 ఏళ్లు.