విప్ లేని ఓటు

1969 ఆగస్టు 20. ఢిల్లీలో రాష్ట్రపతి ఎన్నిక ఓట్లు లెక్కిస్తున్నారు. బరిలో 15 మంది ఉన్నారు గానీ అందరి చూపూ ముగ్గురి మీదే. మొదటి ప్రాధాన్య ఓట్ల లెక్క తేలింది. వరాహగిరి వెంకటగిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, చింతామణ్ దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవాలంటే 4,18,169 కావాలి. ఎవరికీ అంత రాలేదు.

దాంతో తక్కువ ఓట్లు వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే తప్పిస్తూ, వాళ్ళ బ్యాలెట్ల మీద ఉన్న తర్వాతి ప్రాధాన్యాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఆ దశలో సంజీవరెడ్డికి 91,879 కలిశాయి. గిరికి కలిసినవి 18,562 మాత్రమే. అంతకుముందు 87,967గా ఉన్న తేడా చకచకా కరిగిపోయింది. చివరికి గిరి 4,20,077 దగ్గర, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. కావలసిన సంఖ్యను గిరి దాటింది 1,908 ఓట్ల విలువతోనే.

అప్పట్లో ఒక్కో ఎంపీ ఓటు విలువ 576. గిరికి పడిన ఎంపీ ఓట్లలో ఒక 13 సంజీవరెడ్డి వైపు మళ్ళి ఉంటే ఫలితం తారుమారయ్యేది. రెండో ప్రాధాన్యంతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక ఇప్పటికీ అదొక్కటే. గెలిచిన ఆయనా తెలుగువాడే, ఓడిన ఆయనా తెలుగువాడే.

రాజ్యాంగం అడిగేది కొంచెమే

రాష్ట్రపతి కావడానికి ఎవరు అర్హులు? రాజ్యాంగం 58వ అధికరణ జవాబు నాలుగు ముక్కల్లో ముగుస్తుంది. భారత పౌరుడై ఉండాలి. 35 ఏళ్ళు నిండాలి. లోక్‌సభకు పోటీ చేయగల అర్హత ఉండాలి. ప్రభుత్వంలో లాభదాయక పదవి చేస్తూ ఉండకూడదు. చదువు, అనుభవం, నడవడి గురించి ఒక్క మాట లేదు. అదంతా ఓటు వేసేవాళ్ళ విచక్షణకే వదిలేశారు.

ఆ ఓటర్లు ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు. 1969లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 125, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 174. ఓటింగు రహస్యం. పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు. పార్టీ గీసిన గీత మీద నడవడం అలవాటైన నాయకుడు ఆ ఒక్కరోజు ఒంటరిగా నిలబడి, ఈ మనిషి ఆ కుర్చీకి తగునా అని తనను తానే అడుక్కోవాలి.

ముగ్గురి జీవితాల్లోనూ ఆ ప్రశ్నకు కావలసినంత సరుకు ఉంది. గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు. తిరిగొచ్చాక రైల్వే కార్మికుల సంఘాలు కట్టారు, 1928 బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సమ్మెను నడిపించారు. జస్టిస్ పార్టీ అగ్రనేత బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించారు. సంజీవరెడ్డి 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత కాంగ్రెస్ అధ్యక్ష పదవి చేశారు. 1967లో లోక్‌సభ స్పీకరయ్యాక పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. దేశ్‌ముఖ్ ఐసీఎస్ అధికారి, రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, ఆ తర్వాత కేంద్ర ఆర్థికమంత్రి.

ఈ ముగ్గురినీ కలిపే సంగతి ఇంకొకటుంది. పదవి విలువ తెలిసీ ముగ్గురూ పదవి వదిలేసినవాళ్ళే. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు గిరి 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేశారు. బొంబాయి నగరాన్ని మహారాష్ట్రకు ఇవ్వకుండా కేంద్ర పాలనలో పెట్టాలన్న నిర్ణయానికి నిరసనగా 1956లో దేశ్‌ముఖ్ ఆర్థిక శాఖ వదిలేశారు. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలు తన మీద పడడంతో 1964లో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పుకున్నారు. రాష్ట్రపతి పదవికి మనిషిని తూచడానికి ఇంతకంటే మంచి కొలత దొరకడం కష్టం.

బెంగళూరు నుంచి బ్యాలెట్ దాకా

అయితే 1969 వేసవిలో తూకం వేరే వాటి మీద నడిచింది. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. అప్పటికే ప్రధాని ఇందిరాగాంధీకీ, సిండికేట్ అని పేరుపడ్డ కాంగ్రెస్ పెద్దలకూ మధ్య పొసగడం లేదు. జులైలో బెంగళూరులో పార్టీ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. గాంధీజీ శతజయంతి ఏడాదిలో దళిత నాయకుడు జగ్జీవన్‌రామ్‌ను రాష్ట్రపతి చేద్దామన్నారు ఇందిర. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఒక్కరే ఆమెతో నిలిచారు. కామరాజ్, మొరార్జీ దేశాయ్, ఎస్.కె.పాటిల్, చవాన్ సంజీవరెడ్డికి ఓటేశారు. బోర్డు మాట నెగ్గింది. సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద ప్రతిపాదకురాలిగా ఇందిరే సంతకం పెట్టారు.

ఆ వెంటనే ఘటనలు పరుగెత్తాయి. జులై 16న మొరార్జీ చేతి నుంచి ఆర్థిక శాఖ పోయింది. 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదులుకున్న గిరే, పదిహేనేళ్ళ తర్వాత ఆ ఆర్డినెన్సు మీద సంతకం చేశారు. మర్నాడే రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా బరిలో దిగారు. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా రాష్ట్రపతి బాధ్యతలు తీసుకున్నారు.

ఇక్కడి నుంచి చర్చ రెండు పాయలైంది. సంజీవరెడ్డి రాష్ట్రపతి అయితే సిండికేట్ చెప్పినట్టు ఇందిరను దించేస్తారన్నది ఒక అనుమానం. ప్రధానిని నియమించేది రాష్ట్రపతే కాబట్టి ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు. పార్టీ తేల్చిన అభ్యర్థిని, స్వయంగా సంతకం పెట్టి కాదంటే ఇక క్రమశిక్షణకు అర్థమేముందన్నది ఎదుటివాళ్ళ ప్రశ్న. అదీ న్యాయమైన ప్రశ్నే. ఇంతలో కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప, దేశ్‌ముఖ్‌ను నిలబెట్టిన జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులను కలిసి సంజీవరెడ్డికి రెండో ప్రాధాన్య ఓటు వేయమన్నారు. ఆ మంతనాలు ఏమిటో చెప్పాలని జగ్జీవన్‌రామ్, ఫక్రుద్దీన్ నిలదీశారు. సంజీవరెడ్డికే ఓటేయమని కాంగ్రెస్ సభ్యులను ఆదేశించాలన్న ఒత్తిడికి ఇందిర లొంగలేదు. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్నారు. తెలుగు రాజకీయాల్లో ఇప్పటికీ వినపడే ఆ మాట అప్పుడు ఇంటింటి మాటైంది.

సెంట్రల్ హాల్లో ఒక కరపత్రం

ఈ చర్చలో అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఒక కాగితం. ఎవరు అచ్చువేశారో పేరు లేని కరపత్రం సంజీవరెడ్డి వ్యక్తిగత శీలాన్ని దుమ్మెత్తిపోస్తూ ఓటర్ల చేతుల్లోకి చేరింది. పార్లమెంటు సెంట్రల్ హాల్లోనూ తిరిగింది. అభ్యర్థి పనిని తూచవచ్చు, తీర్పులను తప్పుపట్టవచ్చు. మొహం చాటేసి మనిషిని బురదలోకి లాగడం మాత్రం చర్చ కిందికి రాదు. ఓటరుకు దక్కిన స్వేచ్ఛను అది మురికి చేసింది.

ఎన్నికయ్యాక ఆ కరపత్రం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. గిరి ఎన్నిక చెల్లదంటూ పిటిషన్లు పడ్డాయి. ఆయన స్వయంగా సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చారు. దేశ ప్రథమ పౌరుడు కోర్టుకు వచ్చి న్యాయవాదుల ప్రశ్నలకు జవాబు చెప్పడం అదే మొదటిసారి. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టేసింది. ఆ కరపత్రంలో గిరి ప్రమేయం రుజువు కాలేదు. కానీ తన గెలుపు సక్రమమేనా అని పౌరులు అడిగితే, పదవి చాటున దాక్కోకుండా వచ్చి చెప్పడం కూడా ఆ పదవికి కావలసిన అర్హతేనని ఆయన చూపించారు.

పదేళ్ళ తర్వాత

సంజీవరెడ్డి అనంతపురం వెళ్ళి వ్యవసాయం చూసుకున్నారు. 1971లో హిందూపురం లోక్‌సభ స్థానంలోనూ ఓడిపోయారు. ఆయన కథ అయిపోయిందనుకున్నారు చాలామంది. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో జనతా పార్టీ గెలిచింది ఒక్కటే, అది నంద్యాల. గెలిచింది సంజీవరెడ్డి. మళ్ళీ స్పీకరయ్యారు. ఆ ఫిబ్రవరిలోనే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగా చనిపోయారు. బెంగళూరు బోర్డులో సంజీవరెడ్డిని కాదన్న ఇద్దరిలో ఆయన ఒకరు.

ఈసారి 37 నామినేషన్లు పడ్డాయి. 1974లో పదిమంది ప్రతిపాదకులు, పదిమంది సమర్థకులు ఉండాలన్న నిబంధన వచ్చింది. పరిశీలనలో నిలిచింది ఒక్క నామినేషనే. ఎనిమిదేళ్ళ కిందట దేశాన్ని రెండుగా చీల్చిన పేరు, ఈసారి ఒక్క ఓటు పడకుండానే ఏకగ్రీవమైంది.

1969లో ఊహగా అడిగిన ప్రశ్న 1979లో నిజంగానే ఆయన బల్ల మీదికొచ్చింది. ప్రధానిగా ఎవరిని పిలవాలి? మొరార్జీ ప్రభుత్వం పడిపోయాక ఆయన చరణ్‌సింగ్‌ను పిలిచారు. ఇందిర మద్దతు ఉపసంహరించడంతో చరణ్‌సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. ఓట్ల లెక్కింపు జరిగి ఆ రోజుకు సరిగ్గా పదేళ్ళు. అప్పుడు జనతా పక్షం నాయకుడిగా తనకు అవకాశమివ్వమని అడిగింది జగ్జీవన్‌రామ్. సంజీవరెడ్డి ఆయనను పిలవలేదు. లోక్‌సభ రద్దుకే మొగ్గారు. ఆ నిర్ణయం మీద వాదన ఆనాడే రేగింది, ఇప్పటికీ తెగలేదు.

1980 జనవరి 14న ఇందిరాగాంధీ మళ్ళీ ప్రధాని అయ్యారు. ఒకప్పుడు తాను సంతకం పెట్టి ప్రతిపాదించి, ఆ తర్వాత వద్దనుకున్న మనిషి ఎదుట నిలబడే ఆమె ప్రమాణం చేశారు.