'యువత' అన్న మాటలో అమ్మాయిలెక్కడ?

'యువత' అని చదవగానే మన కళ్ల ముందుకొచ్చేది పిడికిలెత్తిన కుర్రాడే. ఆడపిల్లకి బాల్యం ఉంది, పెళ్లి ఉంది, తల్లితనం ఉంది. ఆ మధ్యన ఉండాల్సిన యవ్వనం, నలుగురిలో గడిపే యవ్వనం, చరిత్రలో ఎందుకు కనిపించదు?

మా నిమ్మనపల్లె చుట్టుపక్కల వాళ్లకి పైచదువంటే మదనపల్లె. అక్కడ 1915లో అనీబిసెంట్ పేర దివ్యజ్ఞాన కళాశాల మొదలైంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడ కొన్నాళ్లు ఉన్నారు. విద్యార్థులు వారానికోసారి కలిసి పాడుకునే సాయంత్రం ఆయన 'జనగణమన' బెంగాలీలో పాడితే, పిల్లలు వంత కలిపారు. ఆ పాటకి ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం కింద ఉన్న తేదీ ఫిబ్రవరి 28. స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్. కాలేజీలో ఆ పాట రోజూ పొద్దుటి ప్రార్థన అయింది. 1950 జనవరి 24న జాతీయగీతమైంది.

ఈ కథ చెప్పేటప్పుడు మార్గరెట్‌ని సాధారణంగా ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ భార్యగా, సంగీతం తెలిసిన ఆవిడగా పరిచయం చేస్తారు. ఆమె సంగీతంలో పట్టభద్రురాలు. స్త్రీల ఓటు హక్కు కోసం జైలుకెళ్లి వచ్చిన మనిషి. మదనపల్లెలో ఆడవాళ్లని కూడగట్టి 'అబలా అభివర్ధినీ సమాజం' నడిపింది. ఆ ప్రేరణతోనే 1917లో మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. ఆ డిసెంబరులోనే సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీలు మాంటేగుని కలిసి ఓటు హక్కు అడిగారు. 1921లో మద్రాసు రాష్ట్రంలో, ఆస్తి అర్హత ఉన్న కొద్దిమంది స్త్రీలకే అయినా, ఓటు వచ్చింది. పాట గురించి చెప్పేటప్పుడు మదనపల్లె పేరు వస్తుంది. ఓటు గురించి చెప్పేటప్పుడు రాదు. ఆ దారిలో తొలి అడుగులు వేసిన సమాజం పేరులో కూడా 'అబల'లే!

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. టాగూర్ 1927లో జావా దీవికి వెళ్లారు. ఆ మరుసటి ఏడు, 1928 అక్టోబరు 28న, అక్కడి బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, యువజన మహాసభ జరిగింది. ఒకే నేల, ఒకే జాతి, ఒకే భాష అని ప్రతిజ్ఞ చేశారు. సుప్రత్మాన్ వయొలిన్ మీద వినిపించిన బాణీ తర్వాత ఇండోనేషియా జాతీయగీతమైంది. ఆ ప్రతిజ్ఞలో కొడుకులతో పాటు కూతుళ్లూ ఉన్నారు. దానికి స్థిరపడిన పేరులో మాత్రం 'పెమూడా', అంటే యువకుడు, ఒక్కడే మిగిలాడు.

రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 22న, యోగ్యకర్తాలో మొదటి మహిళా మహాసభ మొదలైంది. నిర్వాహకుల్లో ఒకరైన ఉపాధ్యాయిని సుజాతిన్‌కి అప్పటికి 21 ఏళ్లు. బాల్యవివాహాల గురించి, విడాకుల్లో స్త్రీల హక్కుల గురించి, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడుకున్నారు. ఆ తేదీ ఇవాళ అక్కడ మాతృదినోత్సవం! అక్టోబరులో కలిసినవాళ్లు ఎప్పటికీ యువతగానే ఉండిపోయారు. డిసెంబరులో కలిసినవాళ్లు అమ్మలైపోయారు. స్త్రీని భార్యగా, తల్లిగా కుదించిన సుహార్తో కాలపు రాజ్యనీతికి జూలియా సూర్యకుసుమ 'స్టేట్ ఇబూయిజం' అని పేరు పెట్టారు. 'ఇబూ' అంటే అమ్మ.

2025 ఆగస్టులో పార్లమెంటు సభ్యుల భత్యాల మీద ఇండోనేషియా వీధులు భగ్గుమన్నాయి. పోలీసు వాహనం కింద పడి ఒక యువ బైక్ టాక్సీ డ్రైవరు చనిపోయాడు. అక్కడి యువతరం తమ ఫోటోలకి గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసుకుంది. ఆకుపచ్చ డ్రైవర్ల జాకెట్టుది. గులాబీ పోలీసులకి ఎదురునిలిచిన ఒక స్త్రీ తలగుడ్డది. 'ఇబూ' ఇల్లు దాటి వీధిలో నిలబడింది, సంతోషమే. మరి ఆ గుంపులోనే ఉన్న ఇరవయ్యేళ్ల అమ్మాయి రంగేది?

నిమ్మనపల్లె నుంచి మదనపల్లె కాలేజీలకి బస్సెక్కే అమ్మాయిల గురించీ ఇదే అడగాలి. వాళ్ల పాటలు, స్నేహాలు, అలకలు, ఫోన్లో తీసుకునే డాన్సులు రేపటి చరిత్రకి ఆధారాలే. పరిశోధకులుగా మనం వాటిని ఇప్పుడే పోగు చెయ్యాలి. కాలేజీ సంచికల్లో గ్రూపు ఫోటోల కింద పేర్లు రాయాలి, చివరి వరసలో నిలబడ్డ అమ్మాయి పేరుతో సహా.