వెంట తెచ్చుకొనిన సీసా



సముద్రముమీద విహారార్థము తిరుగు పెద్ద ఓడలలో ఒక నిబంధన గలదు. ప్రయాణికుడు తన పెట్టెలో బట్టలు, పుస్తకములు, మందులు పెట్టుకొని పోవచ్చును గాని సారాయి సీసాను మాత్రము పెట్టుకొనరాదు. పెక్కు కంపెనీలు పెద్దవయసు వారికి తలకొక 750 మిల్లీలీటర్ల ద్రాక్షసారాయి సీసాను ఓడ ఎక్కునపుడు సైచును. విస్కీ, బ్రాందీలను రేవునందే పట్టుకొనును. నడుమ రేవులలో కొనిన సీసాలను ఓడవారు పేరు వ్రాసి దాచి, యాత్ర ముగియునపుడు తిరిగి యిత్తురు. ఇది చూచి ఆ ఓడ మద్యపానమును గర్హించునదని తలపరాదు. ఓడనిండ పానశాలలే. అచట కొని త్రాగవలెను, తెచ్చుకొని త్రాగరాదు. 2022 జూనులో విశాఖపట్నపు రేవునకు ఇట్టి విహారనౌకయొకటి వచ్చి పుదుచ్చేరికిని చెన్నపట్టణమునకును పోయినది గనుక మనకు ఈ ఓడలు ఇక దూరపు మాట కాదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల వారికి సముద్రము లేదు. అయినను ఈ ఓడ నిబంధన మాకు చిరపరిచితము. హైదరాబాదునుండి విజయవాడకు పోవు బాటమీద, సముద్రము లేకయే ఓడ లేకయే, ఈ ప్రశ్న రెండు మారులు పుట్టినది. గడప దాటువాడు తన సీసాను తాను తెచ్చుకొనవచ్చునా? ఈ దినము నేను చెప్పబోవు చరిత్ర యిదియే.

ప్రశ్న మాత్రము మిక్కిలి ప్రాచీనమైనది. కౌటిల్యుడు అర్థశాస్త్ర ద్వితీయాధికరణమున సురాధ్యక్షుని ధర్మములను చెప్పుచు, మద్యమును గ్రామమునుండి వెలుపలికి కొనిపోరాదని శాసించెను. వెనువెంటనే ఒక మినహాయింపు కూడ చెప్పెను. శుచియైన నడవడి గలవాడని యెరిగినవాడు కొలిచి యిచ్చిన కొలది మద్యమును వెంట తీసికొని పోవచ్చును. ఆ కొలతలు కుడుబమున నాలుగవ పాలు, అర్ధకుడుబము, కుడుబము, అర్ధప్రస్థము, ప్రస్థము. నాలుగు కుడుబములు ఒక ప్రస్థము. గృహస్థులు శుభకార్యములయందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును ఇంట చేసికొనవచ్చును. ఉత్సవములలో, జాతరలలో, యాత్రలలో నాలుగు దినములు అనుజ్ఞ యియ్యవలెను. రాజు దుకాణమునది కాని మద్యమును అమ్ముకొనువారు నూటికి అయిదు చొప్పున సుంకము చెల్లింపవలెను. 1909లో మైసూరున శామశాస్త్రి గారు ఈ గ్రంథమును ప్రకటించినపుడు పండితులు రాజనీతిని గుఱించియే యెక్కువగా చర్చించిరి. సురాధ్యక్ష ప్రకరణమును మద్రాసు ఎక్సైజువారును హైదరాబాదు ఆబ్కారీవారును చదివియుండిన తమ పనియే అందు కనబడియుండును. త్రాగవద్దని కౌటిల్యుడు అనలేదు. ఎచట కొనిరో, ఎంత కొనిరో రాజునకు తెలియవలెననెను.

ఇక మా బాటకు వత్తము. 1948 వఱకు కోదాడ నైజాము రాజ్యపు తూర్పు గడప. దానికి ఆవల జగ్గయ్యపేట, ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా. నడుమ పాలేరు. నాణెమే మారెడిది. ఇవతల హాలీసిక్కా, అవతల కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఇంచుమించు ఆరు కల్దారు రూపాయలు. సరిహద్దున కరోడ్‌గిరీ నాకాలు ఉండెను. 1802లో కంపెనీతో కుదిరిన వర్తకపు సంధి మేరకు సుంకము నూటికి అయిదు. కౌటిల్యుని అయిదును ఇదియును ఒకటే యగుట కేవలము కాకతాళీయము.

ఇందులో ఒక చిత్రమున్నది. కోదాడనుండి సూర్యాపేటకు పోవు దారిలో మునగాల పరగణా గలదు. చుట్టును నైజాము రాజ్యము, నడుమ ఈ జమీందారీ మాత్రము కృష్ణా జిల్లాలోనిది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు దివానుగా నుండిన మునగాల యిదియే. జగ్గయ్యపేటలో బయలుదేరి సూర్యాపేట చేరువాడు ఇంగ్లీషు సీమను విడిచి నైజాములో అడుగిడి, మరల ఇంగ్లీషు సీమను త్రొక్కి, మరల నైజాములోనికి రావలసినదే. ఆ పరగణా తరువాత నల్లగొండ జిల్లాలో కలిసెను.

నైజాము ప్రభుత్వమునకు ఆబ్కారీ ముఖ్యమైన ఆదాయములలో నొకటి. తాటిచెట్టునకును ఈతచెట్టునకును లెక్క కట్టి, దుకాణములు వేలము వేసి గుత్తకిచ్చెడివారు. చెట్టెక్కినవాడు గౌడు, చెట్టు క్రింద లాభము తీసినవాడు గుత్తేదారు. తన చెట్టు కల్లును తానే త్రాగుటకును రైతునకు స్వాతంత్ర్యము లేదు. అక్కడను ఓడ నియమమే.

మద్రాసు రాష్ట్రమున గాలి వేఱుగా వీచెను. 1937 అక్టోబరు 1న రాజగోపాలాచారి గారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించెను. మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకును తరువాత ఉత్తరార్కాటునకును విస్తరింపజేసిరి. పోయిన రాబడిని పూడ్చుటకై 1939లో అమ్మకపు పన్ను శాసనమును తెచ్చిరి. దీనిని నేను గౌరవముతో చెప్పుచున్నాను. బొక్కసమునకు నష్టమని తెలిసియు, ఆ నష్టమును మఱియొక పన్నుతో నింపుకొని, త్రాగుడు మానుపింపజూచిన ప్రభుత్వములు లోకమున అరుదు. యుద్ధకాలమున నిషేధము నిలిచిపోయి, 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము నాడు మరల ఆరంభమై, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతట వ్యాపించెను.

అదే యేడు సెప్టెంబరు 13న భారతసేనలు విజయవాడ వైపునుండి ఈ బాటనే కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా సాగెను. 17న నైజాము లొంగిపోయెను. పదునైదు దినములకు మద్రాసు సీమలో నిషేధము సంపూర్ణమయ్యెను. కాబట్టి దేశము రెండు వైపుల ఒకటే యైన కాలముననే ఈ గడప మద్యము విషయమున మునుపటికంటె గట్టిపడినది. పాలేటికి ఇవతల దుకాణము, అవతల చెఱసాల. శాసనమునుబట్టి మునగాల పరగణాయు నిషిద్ధభూమియే. అనగా కల్లు సముద్రమున నొక పొడినేల దీవి. ఏటి పేరేమో పాలేరు, దాటించునదేమో కల్లు! ఈ మాట విద్యార్థులకు చెప్పినపుడెల్ల నవ్వెడివారు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా వెలసినపుడు నిషేధము వారసత్వముగా వచ్చెను. గీతకార్మికులు జీవనము పోయి అలమటించుచుండిరి. దొంగసారాయి పెరుగుచుండెను. రామమూర్తి సంఘము విచారించి నిషేధమును తొలగింపుమని చెప్పెను. ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము ఆ సిఫారసును అంగీకరింపలేదు. గీతకార్మికుల పక్షమున నిలిచినవారిలో గౌతు లచ్చన్న గారు ముఖ్యులు. 1954 నవంబరున అవిశ్వాస తీర్మానము ఒక్క వోటుతో నెగ్గి మంత్రివర్గము కూలెను. 1946లో తాము నిలబెట్టిన నిషేధమే తమను 1954లో పడగొట్టుట పంతులుగారి జీవితమున ఒక విధివిలాసము. ప్రభుత్వము పడినది గాని శాసనము పడలేదు.

అటుపిమ్మట నడచినది నాకు అన్నిటికంటె విచిత్రముగా తోచును. 1956 నవంబరు 1న తెలంగాణమును ఆంధ్రరాష్ట్రమును కలిసి ఆంధ్రప్రదేశమయ్యెను. ముఖ్యమంత్రి యొకడు, శాసనసభ యొకటి, భాష యొకటి. మద్యము విషయమున మాత్రము రెండు దేశములు. తెలంగాణమున పాత ఆబ్కారీ పద్ధతి సాగెను. ఆంధ్రప్రాంతమున నిషేధము సాగెను. సూర్యాపేటలో సక్రమముగా వెల యిచ్చి కొనిన సీసా, కొనినవాని చేతనే యుండి, కోదాడ దాటి గరికపాడు చేరునప్పటికి నేరమగును. మిర్యాలగూడ నుండి దక్షిణముగా పోవువానికి మూసీ కృష్ణలో కలియు వాడపల్లి వద్ద కృష్ణయే ఈ గడప. ఇవతలి గట్టున అగస్త్యేశ్వరుని దర్శించుకొనిన యాత్రికుని మూటలో సీసాయున్నచో అవతలి పల్నాటి గట్టున దానికి శాసనము వేఱు. 1969 వఱకు ఇట్లే నడచెను. రాష్ట్రపు పొలిమేర దాటుట నేరమైనచో అర్థము చేసికొనవచ్చును. రాష్ట్రమునడుమ గీచిన గీతను దాటుట నేరమని ఆ ప్రయాణికునకు ఎవరు బోధింపగలరు? పట్టుబడినవాడు సామాన్యముగా సంచి మోయువాడే. కారులో పోవువానిని ఆపుటకు తనిఖీదారునకు గుండె కావలెను.

తరువాతి ఘట్టము గడపలలో పుట్టలేదు, ఇండ్లలో పుట్టినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతకు వచ్చిన స్త్రీలు తాము చదువుకొనిన పాఠము నాధారము చేసికొని సారాయి దుకాణమును మూయించిరి. ఉపాధ్యాయుడనైన నాకు ఇది గర్వకారణము. వాచకములోని యొక కథ ప్రభుత్వమును కదలించుట నేను చూచినది ఆ యొక్కమాఱే. 1993 అక్టోబరు 1నుండి సారా నిషిద్ధమయ్యెను. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రియైన నందమూరి తారకరామారావు గారు సంపూర్ణనిషేధమునకు పూనుకొనగా 1995 జనవరి 16నుండి అది అమలులోనికి వచ్చెను. ఈ మాఱు గడప కోదాడవద్ద లేదు. కర్ణాటక, మహారాష్ట్రముల పొలిమేరలకు జరిగెను. రెండేండ్లు నడచి, బొక్కసము తాళలేదను కారణముతో, 1997లో తారకరామారావు గారి అనంతర ప్రభుత్వమే నిషేధమును సడలించెను. దూబగుంట స్త్రీలు బొక్కసమును గుఱించి యడుగలేదు. సాయంకాలము మగడు ఇంటికి తెచ్చు కూలిని గుఱించి యడిగిరి. గడపవద్ద కూర్చుండు అధికారికి ఆ ప్రశ్న వినబడునంత దగ్గరగా ఇండ్లుండవు.

2014 జూన్ 2న తెలంగాణము వేఱు రాష్ట్రమయ్యెను. 2016 అక్టోబరున సూర్యాపేట జిల్లాయై కోదాడ అందు చేరెను. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచెను. పాలేటి గడప మరల నిజమైన పొలిమేర యయ్యెను. తొలి యయిదేండ్లు సీసా మాట పెద్దగా రాలేదు, ధరలు రెండు వైపుల దగ్గరగానే యుండుటచేత. 2019 అక్టోబరు 1నుండి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దుకాణములను తానే నడుపసాగెను. 2020 మేలో, మొదట నూటికి 25, మరునాడే 50, మొత్తము 75 వంతున ధర పెంచెను. త్రాగుడును తగ్గించుటకే యనిరి. తెలంగాణలో అంతటి పెంపు లేదు. జనులు కోదాడ వైపును వాడపల్లి వైపును నడచిరి. రహదారిమీద తనిఖీ హెచ్చినకొలది సరకు కృష్ణ రేవులకు మళ్లెను.

అప్పుడు పట్టుబడిన కొందఱు న్యాయస్థానమున కెక్కిరి. ప్రభుత్వము తానే మునుపు వెలువరించిన 411వ సంఖ్య ఉత్తరువు ప్రకారము మూడు సీసాలవఱకు ఉంచుకొనవచ్చును గదా, పొరుగు రాష్ట్రమున కొనినంతమాత్రమున అది నేరమెట్లగును? ఉన్నత న్యాయస్థానము 2020 సెప్టెంబరున వారి పక్షమున తీర్పు చెప్పెను. కౌటిల్యుని ప్రస్థము మూడు సీసాలై తిరిగి వచ్చినదని నేను మిత్రులతో అనుకొంటిని. ఆ సంతోషము రెండు నెలలును నిలువలేదు. అక్టోబరున ప్రభుత్వము నిబంధనను సవరించి, అన్యరాష్ట్రమునుండి తెచ్చు సీసాకు పర్మిటు కావలెనని, రుసుము చెల్లింపవలెనని శాసించెను.

త్రాగుడును మాన్పుటకైనచో ఇంట మూడు సీసాలుండుటయే నేరము కావలెను. అట్లు చేయలేదు. దుకాణమున కొనిన మూడు సీసాలు నిర్దోషములు, కోదాడలో కొనిన ఒక సీసా దోషి. ఈ తర్కము ఓడ యజమానిది. 1939లో అమ్మకపు పన్ను వేసి నష్టమును భరించిన రాజగోపాలాచారి గారి తర్కము ఇది కాదు. అవి రెండును ఒకే పేరున, నిషేధమను పేరున, చెలామణియగుట మా బాట ప్రజలకు కలిగిన పెద్ద యిబ్బంది.

ఓడవాడు పట్టిన సీసాను యాత్రాంతమున తిరిగి యిచ్చునని మొదట చెప్పితిని. ప్రభుత్వములకు ఆ మర్యాద లేదు. 2020లో మచిలీపట్నమున పట్టుబడిన వేలకొలది సీసాలను వరుసగా పేర్చి రోడ్డురోలరుతో త్రొక్కించిరి. ఆ వాసన ఎంతదూరము పోయెనో గాని, సీసాలతో పట్టుబడినవారిలో కూలికి మోసినవారు ఎందఱో, కోర్టుల చుట్టు తిరిగినవారు ఎందఱో.

2024లో ప్రభుత్వము మారగా, అక్టోబరు 16నుండి ఆంధ్రప్రదేశమున మరల ప్రైవేటు దుకాణములు తెరచిరి. 99 రూపాయలకు క్వార్టరు సీసా అమ్ముదుమని ప్రకటించిరి. ధరలు దగ్గరపడిన పిదప పాలేరు దాటించుటలో లాభము సన్నగిల్లుట సహజము.