వరిగడ్డి మేత విలువ పెంపు – ఎదిగే గొర్రె పిల్లలకు వేసవి భరోసా
(ప్రత్యేక వ్యాసం)

నిజామాబాద్ జిల్లాలో వరి కోతలు ముగిసిన ప్రతి పర్యాయం రెండు దృశ్యాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు హార్వెస్టర్లు వదలిన గడ్డి పొలాలలోనే కాలిపోతూ ఉంటుంది. మరొకవైపు గొల్ల కురుమ పెంపకందారులు మేత కోసం మందలను తోలుకొని ఊళ్లు దాటుతూ ఉంటారు. కాలిపోయే ఆ గడ్డినే స్వల్ప ఖర్చుతో ఎదిగే గొర్రె పిల్లలకు తగిన మేతగా మార్చుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం
మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం బోధన్ ప్రాంతాన్ని చెరకు సీమగా తీర్చిదిద్దింది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1930వ దశకంలో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అటుపిమ్మట చెరకు సాగు తగ్గి, వరి మరింతగా విస్తరించింది. రెండు పంటలూ వరే అయిన ఆయకట్టులో మందలు మేసేందుకు బీడు భూములు, ఖాళీ పొలాలు తక్కువగా లభిస్తాయి.

ఇదే కాలంలో జీవాల సంఖ్య పెరిగింది. రాష్ట్ర ప్రభుత్వం 2017 జూన్‌లో 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ చేసే పథకాన్ని ప్రారంభించింది. 2012లో సుమారు 1.28 కోట్లుగా ఉన్న తెలంగాణ గొర్రెల సంఖ్య 2019 పశుగణన నాటికి 1.90 కోట్లు దాటి, రాష్ట్రం దేశంలో ప్రథమ స్థానానికి చేరింది. మంద పెరిగినంతగా మేత పెరగకపోతే ఆ భారం ముందుగా పడేది పాలు మరచిన పిల్లలపైనే.

గడ్డిలో లోపమేమిటి?
వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే. పొట్టలోని సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయాలంటే మేతలో కనీసం 7 శాతం, ఎదిగే పిల్లలకు 12 నుంచి 14 శాతం మాంసకృత్తులు అవసరం. గడ్డిలోని పీచును లిగ్నిన్, సిలికా పదార్థాలు పట్టి ఉంచడం వలన అది నెమ్మదిగా జీర్ణమవుతుంది. ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పెద్ద గొర్రె ఎక్కువ మేసి కొంత లోటు పూడ్చుకోగలదు. పిల్లకు పొట్ట చిన్నది. గడ్డితో అది నిండుతుందే గాని శరీరం పెరగదు.

జీర్ణతలో స్వల్ప తేడాకు సైతం విలువ ఉన్నది. హైదరాబాద్ మేత విపణిలో జొన్న చొప్పపై అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జరిపిన పరిశీలనలో, జీర్ణత 47 నుంచి 52 శాతానికి పెరిగిన చొప్పకు దాదాపు 25 శాతం అధిక ధర లభించినట్లు తేలింది.

యూరియా ప్రక్రియ
ఎండిన, బూజు పట్టని 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, సుమారు 50 లీటర్ల నీరు అవసరం. ఎత్తైన శుభ్రమైన నేలపై పట్టా పరచి, గడ్డిని జానెడు మందం పొరలుగా వేయాలి. యూరియా పూర్తిగా కరిగిన నీటిని ప్రతి పొరపై సమానంగా చల్లి గట్టిగా తొక్కాలి. వామును పాలిథిన్ పట్టాతో కప్పి, అంచులను మట్టితో మూసి, గాలి చొరబడకుండా 21 రోజులు ఉంచాలి.

ఈ వ్యవధిలో యూరియా అమోనియాగా మారి పీచు బంధాలను సడలిస్తుంది. మాంసకృత్తుల విలువ 7 నుంచి 8 శాతానికి చేరుతుంది. జీర్ణత 5 నుంచి 10 శాతం మేరకు మెరుగుపడుతుంది. బాగా మాగిన గడ్డి ముదురు పసుపు లేదా గోధుమ రంగులో ఉండి ఘాటైన వాసన వేస్తుంది. బూజు పట్టిన భాగాన్ని పారవేయాలి. యాసంగి గడ్డి పొడిగా ఉండి, కొరత కాలానికి ముందే చేతికి వస్తుంది గనుక ఈ పనికి అనువైనది.

ఎవరికి, ఎంత?
ఆరు నెలలు నిండని పిల్లలకు ఈ గడ్డి పెట్టరాదు. పొట్ట పూర్తిగా అభివృద్ధి చెందనందున అమోనియా వారికి హానికరం. ఆ వయసు పిల్లలకు పప్పుజాతి పచ్చిమేత, దాణా ముఖ్యం. వరిగడ్డి ఇవ్వవలసి వస్తే ప్రక్రియ చేయనిది, ముక్కలుగా కత్తిరించి కొద్దిగా ఇవ్వాలి.

ఆరు నెలలు దాటి 15 కిలోల బరువున్న పిల్లకు రోజుకు సుమారు 600 గ్రాముల పొడి మేత కావాలి. అందులో ప్రక్రియ చేసిన గడ్డి 250 గ్రాములు, ఎండిన సుబాబుల్ ఆకు 100 గ్రాములు, 18 శాతం మాంసకృత్తులున్న దాణా 250 గ్రాములు ఉంటే మొత్తం మేతలో మాంసకృత్తులు 14 శాతానికి చేరతాయి. దాణాను మొక్కజొన్న, తవుడు, వేరుశనగ చెక్కలతో తయారు చేసుకొని, ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు కలపాలి. యూరియా గడ్డి ఎంత మంచిదైనా చెక్కకు, పప్పుజాతి మేతకు ప్రత్యామ్నాయం కాదు.

ఈ లెక్కన 20 పిల్లలకు 90 రోజులకు 4.5 క్వింటాళ్ల గడ్డి, 18 కిలోల యూరియా సరిపోతాయి. ఎకరం వరిలో దాదాపు 2 టన్నుల గడ్డి వస్తుందనుకుంటే, పావు ఎకరం గడ్డి వేసవి మొత్తానికి చాలు.

జాగ్రత్తలు
 • వాము నుండి తీసిన గడ్డిని ఘాటు తగ్గే వరకు కొన్ని గంటలు ఆరబెట్టాలి. వారం నుంచి పది రోజులలో క్రమంగా మోతాదు పెంచాలి.
 • యూరియా నీటిని జీవాలకు అందుబాటులో ఉంచరాదు. పొట్ట ఉబ్బరం, వణుకు, నోట నురగ కనిపిస్తే వెంటనే పశువైద్యుని పిలవాలి.
 • దాణా ప్రారంభించే ముందు నట్టల మందు తాగించి, చిటుక రోగం టీకా వేయించాలి.
 • పచ్చి చెరకు మోవను, మొలాసిస్‌ను యూరియా వాములో వేయరాదు. చక్కెరలు అధికంగా ఉన్న మేతపై అమోనియా చర్య వలన విష పదార్థాలు ఏర్పడవచ్చు. చెరకు మోవను ముక్కలు చేసి, కొద్దిగా వడలనిచ్చి, గాలి చొరకుండా పాతర వేయడమే శ్రేయస్కరం.

రైతుకూ మేలే
టన్ను వరిగడ్డి కాలిస్తే అందులోని సుమారు 5.5 కిలోల నత్రజని దాదాపుగా గాలిలో కలిసిపోతుంది. అదే గడ్డి మంద మేస్తే, పొలంలో మంద కట్టినప్పుడు ఎరువుగా కొంత తిరిగి నేలకు చేరుతుంది. గడ్డి ఉన్న రైతును, మంద ఉన్న పెంపకందారును కోతలకు ముందే కలపగలిగితే ఇరువురికీ లాభమే. గ్రామస్థాయిలో పశుసంవర్ధక, వ్యవసాయ శాఖల సిబ్బంది యాసంగి కోతల నాటికే ఒక్కొక్క వామును ప్రదర్శనగా వేయించి, 21వ రోజున పెంపకందారుల సమక్షంలో విప్పించడం ఈ పద్ధతి వ్యాప్తికి సులువైన మార్గం.